నూట ముప్పై బార్ల మిషిన్, మా గల్లీ మోరీ

మోరీ పొంగని గల్లీల ఉండేటోళ్ళను చూస్తే నాకు నిజంగ జాలైతది.

పాపం! గుమ్మం దాటంగనే పొడి నేల. చెప్పులేస్కున్నరు, పోయిన్రు, వచ్చిన్రు. గదేం బతుకు? ఏ ఇటుక మీద కాలు పెడితే ఊగదో, చీర కుచ్చిళ్ళు ఎంత ఎత్తుకు పట్టుకుంటె తడవకుంట మర్యాద నిలుస్తదో, ముక్కు మూస్కొని ఎంతసేపు ముచ్చట పెట్టొచ్చో వాళ్ళకెట్ల తెలుస్తది? మా గౌలిపుర గల్లీల నాలుగేండ్ల పిల్ల గూడ చెప్తది.

సరే, గవన్నీ చిన్న చిన్న లాభాలు. అసలు లాభం వేరే ఉన్నది. మోరీ పొంగని మనిషి జిందగీల నీళ్ళను జోరుగ కొట్టే ప్రెషర్ వాషర్ కొనడు! గా జోరును కొలిచే బార్ అంటె ఏందో, ఇండక్షన్ మోటర్ అంటె ఏందో తెల్వకుంటనే కండ్లు మూస్తడు. గింతకన్న ఘోరం ఉంటదా?

నాకు గా కష్టం రాలే. నా పేరు కృపాకర్. బస్ డిపోల టైంకీపర్‌ని. పోయినేడు ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్న. తెల్లది. "ఏమయ్యా, మోరీ పొంగే గల్లీల తెల్ల కారేంది?" అని నా భార్య బేబీ అడిగింది. బేబీ సర్కారు దవాఖానల నర్సు. ఆమె యూనిఫాం గూడ తెల్లదే. గా ముచ్చట గుర్తు చేసిన.

మా డ్రైనేజి మోరీ మస్తు టైం పాటిస్తది. రెండు దినాలకొక్కసారి, పొద్దున ఏడు గంటలకు, గల్లీ నడిమిట్ల ఉన్న మూత సందుల నుంచి మెల్లగ లేస్తది. తొమ్మిదింటికల్ల అందరి గుమ్మాలు పలకరిస్తది. పగటాల దిగిపోతది. మా డిపో బస్సులు గట్ల వస్తె నేను రిజిస్టర్ల ఎర్ర పెన్ను ముట్టే పనే ఉండదు.

నీళ్ళు దిగినంక మిగిలేది నల్లటి బురద. షాబాద్ బండల మీద పాకురు. మా ఇంటి గోడకు మోకాలెత్తు గీత. కారు టైర్లకు, డోర్లకు చుక్కలు. చీపురు, బకెట్ పట్టుకొని ఏడాది పొడుగు గోకిన. భుజం పట్టేసింది. "నువ్వు గోకితె పోయేటిది కాదు. ఏదన్న మిషిన్ చూడు," అన్నది బేబీ, నా భుజానికి మందు రాస్కుంట.

అయ్యలారా, అమ్మలారా! ప్రెషర్ వాషర్ ఎంచుకునుడంటె మాటలు కాదు. నాకు మూడు నెలలు పట్టింది. గా మూడు నెలలు ఎవ్వరన్న "కారు కడగవా?" అంటె "రీసెర్చ్ నడుస్తుంది" అని చెప్పిన. ఎంత హాయి!

ముందుగాల ఆన్‌లైన్ల రివ్యూలు చదివిన. ఒకాయన ఐదు చుక్కలిచ్చి "డబ్బా ఇంక ఇప్పలేదు, ప్యాకింగ్ సూపర్" అని రాసిండు. ఇంకొకాయన ఒక్క చుక్కనే ఇచ్చి "మిషిన్ మస్తుంది, తెచ్చినాయన బెల్ కొట్టలేదు" అన్నడు. ఒకామె మూడు చుక్కలిచ్చి "మా ఆయనకు నచ్చింది" అని ఊకుంది. ఆ మూడు చుక్కలు మిషిన్‌కా, ఆయనకా? ఇప్పటికీ నాకు సమజ్ కాలే.

మా డిపోల బస్సులు కడిగించే సూపర్‌వైజర్ జగదీశ్వర్‌ని అడిగిన. ఆయనకు బస్సు కొలతనే తెలుసు. "కృపాకరన్నా, రెండు వందల బార్లకు తక్కువ ముట్టకు," అన్నడు. గంత ప్రెషర్‌తోని నా కారు కడిగితె మురికి పోతది. దాని ఎన్క రంగు పోతది. రంగు ఎన్క నేను పోత.

ఇంట్ల గూడ గిదే లొల్లి. ఒకదినం గుమ్మం కాడ నిలబడి ఫోన్ల "నూట ముప్పై బార్లు చాలు గదా?" అంటున్న. ఎదురింటి కాశమ్మవ్వ ఇని గుండె మీద చెయ్యేసుకుంది. "నూట ముప్పైయా! మన దిక్కు రెండే ఉన్నయ్ గద బిడ్డా. ఇగ మొగోళ్ళు ఇండ్లకొస్తరా?"

కాశమ్మవ్వ గురించి చెప్పాలె. ఆమెకు డెబ్బై దాటినయ్. లక్క గాజులకు రాళ్ళు అద్దుతది. నలభై ఏండ్ల నుంచి అదే పని. కొడుకు, కోడలు పొద్దుగాల్నే పనికి పోతె, ఆమె గుమ్మంల కూసోని సన్నటి పుల్లతోని ఒక్కొక్క రాయి ఎత్తి గాజు మీద పెడ్తది. ఇదివరకు తానే నడ్సుకుంట లాడ్ బజార్ పోయి, రాళ్ళు ఏరుకొని, గాజులు అప్పజెప్పి వచ్చేది. పోయిన వానకాలం పాకురు మీద జారి పడ్డది. మణికట్టు ఇరిగింది. ఎముక అతుక్కుంది గని భయం పోలే. అప్పటి సంది గుమ్మం దిగలే. దుకాణపాయనే ఎవరితోనన్న రాళ్ళు పంపుతడు.

"ఎర్రయి అడిగితె గులాబియి పంపుతడు. గులాబియి అడిగితె ఏందో ఉల్లిగడ్డ రంగు పంపుతడు," అని ఆమె రోజూ గులుగుతది. "నేను పోయి చూసి ఏరుకుంటె గా తళుకే వేరుండె."

సరే, మిషిన్ ముచ్చటకొస్త. ఆఖరికి అఫ్జల్‌గంజ్ దిక్కు మోటర్లు బాగు చేసే హబీబ్ భాయ్ కాడికి పోయిన. షట్టర్ దుకాణం. లోపల బోర్లా పడ్డ మోటర్లు, నడుమ స్టూలు మీద ఆయన. నా లిస్టు తీసి చదివిన. బార్లు, వాట్లు, లీటర్లు, నాజిల్ల రకాలు. ఆయన చాయ్ తాగుకుంట అంతా ఇన్నడు.

"భాయ్, కౌన్సా మిషిన్ అచ్ఛా, వో నక్కో పూఛో," అన్నడు. "ఖరాబ్ హువా తో కౌన్ బనాతా, వో పూఛో."

మూడు నెలల రీసెర్చ్ మొత్తం గా ఒక్క మాటల కొట్టుకపోయింది! ఏది మంచిదని కాదు, చెడిపోతె ఎవరు బాగు చేస్తరని అడగాలెనట. స్పేర్లు మన ఊర్లె దొరకాలె. పంపు తల ఇత్తడిది ఉండాలె. ఇండక్షన్ మోటర్ జర బరువుంటది గని శబ్దం తక్కువ, ఆయుష్షు ఎక్కువ. ఇంటికి, కారుకు నూట ముప్పై బార్లు మస్తు. ఎర్తింగ్ లేని ప్లగ్గుకు పెట్టొద్దు. నీళ్ళు లేకుంట ఆన్ చెయ్యొద్దు.

"ఇంకొక్కటి భాయ్. మీ గల్లీల నల్లా రోజూ వస్తదా?" అని అడిగిండు.

"దినం ఇడిసి దినం."

"మరి నల్లాకు పెట్టే మిషిన్ నీకెందుకు? డ్రమ్ములకెల్లి తానే నీళ్ళు గుంజుకునేది తీస్కో."

గిసొంటి ముచ్చట ఏ రివ్యూల రాస్తరు? తమ్ముని లెక్క చెప్పిండు. ఆయన చెప్పిందే కొన్న.

డబ్బాలకెల్లి తీస్తె పసుపుపచ్చ మిషిన్, పొడుగు గన్ను, నాలుగు నాజిల్లు, ఇంకా ఎందుకో తెల్వని సన్నటి పొడుగు పైపొకటి. దాన్ని మడ్సి అటక మీద పెట్టిన.

మొదటి ఆదివారం, చర్చి నుంచి వచ్చినంక, ముహూర్తం. గల్లీ మొత్తం బయటికొచ్చింది. ముందుగాల కారు. రెండడుగుల దూరం నుంచి కొట్టాలె అని పుస్తకంల ఉంది. ఖుషీల నేను అరడుగు నుంచి కొట్టిన. మురికి పోయింది. దాంతోని పాటు ఎన్క అద్దం మీద "దేవుడు నాకు తోడు" అని ఉన్న స్టిక్కర్ల "తోడు" పోయింది. ఇప్పుడు నా ఎన్క వచ్చేటోళ్ళు "దేవుడు నాకు" అని చదివి, ఏం బాకీ ఉన్నడో అని ఆలోచించుకుంట హారన్ కొడుతున్నరు.

తర్వాత గోడ. మోకాలెత్తు గీత పోయింది. తర్వాత గుమ్మం. తర్వాత, చెయ్యి ఆగక, షాబాద్ బండలు. ఎన్నేండ్ల పాకురో! వెడల్పు నాజిల్ పెట్టి ఒక్కొక్క బండ కొట్టుకుంట పోతుంటె కింద నుంచి పచ్చటి రాయి తేలింది. ఆ రాయి గా రంగుల ఉంటదని మాకెవ్వరికి యాదికి లేదు.

అట్ల కడుగుకుంట కాశమ్మవ్వ గుమ్మం కాడికి వచ్చిన. ఆమె లోపల నుంచి చూస్తుంది. మిషిన్ బంద్ చేసిన. ఆమె చాలాసేపు బండల దిక్కే చూసింది. ఆ తర్వాత కర్ర ముందల పెట్టి, ఒక కాలు దించింది. బండను కాలితోని రాసి చూసింది. రెండో కాలు దించింది.

బేబీ రెండు చేతులు చాపి పక్కన నిలబడ్డది గని ముట్టలే.

కాశమ్మవ్వ గల్లీ మూల దాక పోయింది. ఆడ నిలబడి రోడ్డు మీద ఆటోలను చూసింది. ఎనకకొచ్చింది. "చాయ్ పెట్టు బేబీ," అన్నది. అంతే.

ఇగ చూస్కోండి నా ఇజ్జత్! మోరీ పొంగినప్పుడల్ల నీళ్ళు దిగంగనే నేను డ్రమ్ము, మిషిన్ పట్టుకొని దిగుడు, గంటల గల్లీ అద్దం చేసుడు. డిపోల నాకు ఇరవై ఆరేండ్ల సర్వీస్. ఒక్క సలాం రాలే. గల్లీల మూడు వారాలల్ల నేను "వాషర్ సారు" అయిన. ఒకాయన తన మేకను గూడ కడగమన్నడు. సున్నితంగ కాదన్న.

కాశమ్మవ్వ రోజూ మూల దాక నడుస్తుంది. "ఇంక పది దినాలు నడిస్తె లాడ్ బజార్ పోత," అన్నది.

గీ సంబురంల ఒక ముచ్చట మర్చిపోయిన. మోరీ గురించి నేను ఏడాది సంది పదకొండు కంప్లైంట్లు పెట్టిన. పదిటికి "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఫోన్ల మెసేజ్ వచ్చింది. పదకొండో దానికి మాత్రం, ఏమైందో ఏమో, మనిషే వచ్చిండు!

పేరు లక్ష్మీకాంత్. మోరీల శాఖ ఇన్స్పెక్టరు. గుంటూరు దిక్కు నుంచి వచ్చి ఈడ సర్కారు నౌకరి చేస్తున్నడు. మెరిసే బూట్లు, చేతుల ఫైలు, మర్యాద గల మనిషి. గల్లీల నిలబడి అటిటు చూసిండు. నేను ముందటి దినమే కడిగిన.

"ఎక్కడండీ సమస్య? నేల తళతళలాడుతోంది కదండీ!"

"సార్, అది నేను కడిగిన."

"చాలా బాగా కడిగారండీ. కానీ నేను సమస్యని ఫొటో తీయాలి. సమస్య లేకపోతే ఏం తీయను?" ఆయనకు నిజంగనే బాధైంది. "ఒక పని చేయండి. మంగళవారం వస్తాను. అప్పటిదాకా దయచేసి కడగొద్దు. అలాగే ఉంచండి."

చూసిన్రా? కడుగుడే నేను చేసిన తప్పు! సరే అని ఒప్పుకున్న. మిషిన్ లోపల పెట్టిన. ఆదివారం మోరీ పొంగింది, దిగింది, బురద మిగిలింది. ఎవ్వరం ముట్టలే. పెండ్లికి ఇల్లు తయారు చేసినట్లు సారు కోసం బురదను కాపాడుకున్నం. ఎవరన్న చీపురు పట్టుకొని గుమ్మం దాటితె "వద్దొద్దు, మంగళవారం దాక ఆగున్రి!" అని ఆపిన.

మంగళవారం సారు రాలే. బుధవారం ఫోన్ చేస్తె మీటింగు. గురువారం ఇంకొక మీటింగు. ఈ లోపు మోరీ ఇంకో రెండుసార్లు పొంగి బురదకు రెండో కోటింగ్, మూడో కోటింగ్ ఇచ్చింది.

శుక్రవారం పొద్దుగాల కాశమ్మవ్వ తన గుమ్మంల నుంచి పిలిచింది. కర్ర చేతుల ఉంది. చెప్పులు వేస్కొని ఉంది.

"బిడ్డా, గా సారు కోసం నేనెన్ని దినాలు కూసోవాలె? ఆయన రాకుంటె నా కాళ్ళు గూడ రావద్దా?"

నేనేం చెప్పాలె? ఇప్పుడు కడిగితె ఏడాది కంప్లైంట్లు మోరీల పోతయ్. కడగకుంటె అవ్వ నడక పోతది. బేబీ దిక్కు చూసిన. ఆమె అప్పటికే డ్రమ్ముల నీళ్ళు చూస్తుంది. "దవాఖానల గూడ మేము ఫొటో కోసం పుండును ఉంచం," అన్నది.

డ్యూటీకి పోవుడు లేటైతదని డిపోకు ఫోన్ చేసి మిషిన్ తీసిన. నా సర్వీసుల లేటవుడు గదే మొదటిసారి. కాశమ్మవ్వ గుమ్మం నుంచి మొదలువెట్టి, సారు వస్తె ఫొటోకు మిగలాలెనని మూల దిక్కు ఆఖరుకు పెట్టి, ఇటు దిక్కు కడుగుకుంట వచ్చిన. సగం గల్లీ అయింది. అప్పుడే మూల మలిగి వచ్చిండు మన లక్ష్మీకాంత్ సారు!

ఆయన వచ్చింది కడగని దిక్కు నుంచి. మెల్లగ అవ్వ గుమ్మం దగ్గర దాక వచ్చి, నన్ను చూసి నవ్వి, చెయ్యి ఎత్తి, ఒక అడుగు వేసిండు. రెండో అడుగుకు బూటు జారింది. ఫైలు ఎగిరింది. సారు రెండు చేతులు గాలిల తిప్పుకుంట సరాసరి కాశమ్మవ్వ ముందలికొచ్చిండు. ఆమె కర్ర చాపింది. ఆయన గట్టిగ పట్టుకున్నడు.

"మెల్లగ సారూ. గీడనే నేను పడ్డ," అన్నది ఆమె.

సారు ఊపిరి తీస్కొని, బురదల పడ్డ ఫైలు చూసి, ఆమె మణికట్టు చూసిండు.

"ఏం చేయమంటారమ్మా? నా కింద నలభై గల్లీలు ఉన్నాయి. బండి ఒక్కటే."

"నాకు గల్లీ ఒక్కటే సారూ," అన్నది కాశమ్మవ్వ.

ఆయన ఫోన్ తీసి ఫొటో గూడ తియ్యలే. ఆడనే నిలబడి ఎవరికో ఫోన్ చేసి, నేను అప్పటిదాక వినని గొంతుతోని గట్టిగ మాట్లాడిండు.

తెల్లారి బండి వచ్చింది! లారీ అంత ట్యాంకరు, ఎన్కల పెద్ద చక్రానికి చుట్టిన పైపు. మోరీల పైపు పెట్టి ప్రెషర్‌తోని నీళ్ళు కొడ్తె ఏ అడ్డమున్నా పోవాలె. నేను చూసినంక సిగ్గుపడ్డ. నా మిషిన్ దాని ముందల పిల్లల పిచికారి లెక్కుంది.

గని బండి గల్లీల పట్టలే. మూల కాడ కరెంటు స్తంభం ఉంది. బండి మీద పని చేసే వైకుంఠం పైపు ఇప్పి లోపలికి తెచ్చిండు. పైపు అయిపోయింది. అడ్డం ఉన్న మూత ఇంక ముప్పై అడుగుల దూరం.

వైకుంఠం తల గోక్కున్నడు. సారును చూసిండు. సారు నన్ను చూసిండు.

"కృపాకర్ గారూ, మీ మిషన్‌తో పాటు డబ్బాలో సన్నటి పైపు ఏమైనా వచ్చిందాండీ?"

అటక మీదికెల్లి దించిన. అది మోరీలు సాఫ్ చేసే పైపట! నాకేం తెలుసు? వైకుంఠం దాన్ని నా గన్నుకు బిగించి, మూత తీసి, దూరం నుంచే లోపలికి పంపిండు. నేను మిషిన్ ఆన్ చేసిన. పావుగంట దాక ఏం కాలే. డ్రమ్ము సగమైంది. బేబీ, ఇంకో ఇద్దరు బిందెలతోని నీళ్ళు పోస్తున్నరు. ఆ తర్వాత లోపల ఏదో కదిలింది. వైకుంఠం ఇనుప కొక్కెం వేసి, తాడు కట్టి, "గుంజున్రి!" అన్నడు. ఎనిమిది మందిమి గుంజినం. సారు గూడ గుంజిండు.

బయటికొచ్చింది చూసి అందరం నోళ్ళు తెరిచినం. సిమెంటు బస్తా. బస్తా ఎప్పుడో చినిగింది, లోపల సిమెంటు బండ లెక్క గట్టిపడి, బస్తా రూపంలనే ఉంది. ఐదేండ్ల కింద మా మోరీ రిపేర్ చేసిన కాంట్రాక్టరు ఆడ మర్చిపోయిన బస్తా! రిపేర్ కాకముందు మా మోరీ ఎప్పుడూ పొంగలేదని అప్పుడు యాదికొచ్చింది.

మూతల నుంచి గడగడమని శబ్దం. నీళ్ళు దిగినయ్. దిగుకుంటనే పోయినయ్. గల్లీ మొత్తం చప్పట్లు కొట్టింది. మేక గూడ అరిసింది.

సారు ఫారం నింపిండు. "శాఖ యంత్రముచే అడ్డంకి తొలగించబడినది" అని రాసి నన్ను సంతకం పెట్టమన్నడు.

"యంత్రం నాది గద సార్?"

"నిజమేనండీ. కానీ ఈ ఫారంలో పౌరుడి యంత్రం అనే గడి లేదండీ." ఆయన మొకం చూస్తె తిట్టబుద్ధి కాలే. పెట్టిన.

సోమవారం కాశమ్మవ్వ లాడ్ బజార్ పోయింది. తోడు వస్తనన్న బేబీని వద్దన్నది. పగటాల దాక రాకపోయేసరికి మేమిద్దరం మూల కాడ నిలబడ్డం. ఆటో దిగింది. సంచిల చెయ్యి పెట్టి పిడికెడు రాళ్ళు తీసి ఎండల చూపించింది. అసలైన ఎర్రవి. "చూడు! గిట్లుంటయ్ ఎర్రయంటె! దుకాణపోనికి చూపించి మరీ తెచ్చిన," అన్నది. బేబీకి కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. నాకు గూడ వచ్చినయ్ గని నేను దుమ్మన్న.

ఇప్పటికి నెల దాటింది. మోరీ పొంగుతలేదు. గల్లీ పొడిగున్నది. ఎవ్వరూ నాకు సలాం కొడ్తలేరు. చెప్పులేస్కుంటున్నరు, పోతున్నరు, వస్తున్నరు. మిషిన్ మీద బేబీ బట్టలు ఆరేస్తుంది. పొంగని మోరీ మనిషిని ఎంత చిన్నగ చేస్తదో చూసిన్రా?

గట్ల దిగులుగ కూసుంటె నిన్న ఫోన్ మోగింది. లక్ష్మీకాంత్ సారు.

"కృపాకర్ గారూ, బాగున్నారాండీ? మీ పక్క గల్లీ వాళ్ళు పదిహేడో కంప్లైంట్ పెట్టారండీ. అక్కడ కూడా మా బండి పట్టదు. ఆదివారం మీకు వీలవుతుందాండీ?"

నాకు పానం లేచొచ్చింది. "చర్చి అయినంక వస్త సార్," అన్న. "గని ఒక్క మాట చెప్పున్రి. నేను రిటైరయ్యేది డిపోల నుంచా, మీ శాఖల నుంచా?"

సారు నవ్విండు. వచ్చేటప్పుడు జర పొడుగు పైపు కొనుక్కొని రమ్మన్నడు.